అబిగయీలు షాపులో తలుపంత ట్యాబు

వాకాడు బస్టాండుకి ఎదురు వరసలో టిఫిను కొట్టుకీ ఎరువుల షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గది హెబ్రోను డీటీపీ సెంటరు. దానికి యజమానీ, పనిమనిషీ, అన్నీ అబిగయీలే. శుభలేఖలు, చర్చి కరపత్రాలు, పంచాయతీ అర్జీలు, ఏది కావాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆమె దగ్గరికే వస్తారు. ఫ్లెక్సీలైతే ఆమె తయారు చేసి నెట్‌లో గూడూరికి పంపుతుంది. అక్కడి మిషను మీద అచ్చయి సాయంత్రం బస్సులో చాపచుట్టలాగా వచ్చేస్తాయి.

టైపు కొట్టేటప్పుడు ఆమె కీబోర్డు వైపు చూడదు. తెర వైపూ పెద్దగా చూడదు. ఎదురుగా కూర్చున్న మనిషి మొహంలోకి చూస్తూ కబుర్లు చెబుతూ కొడుతుంది. చిన్నప్పుడు గూడూరులో టైపు మాస్టారు వేళ్ల మీద తువ్వాలు కప్పి నేర్పిన విద్య అది. "మా కోడలికి నెలలు నిండినాయక్కా" అని ఒకరంటే, "ఏ ఆస్పత్రిలో చూపిస్తా ఉండారు?" అని అడుగుతూనే వేళ్లతో ఇంకెవరిదో గృహప్రవేశం ముగించేస్తుంది. షాపుకొచ్చేవాళ్లలో సగం మందికి పని కన్నా ఆ కబుర్లే ముఖ్యం.

కష్టమంతా కంప్యూటరుతోనే. ఉప్పుగాలికి సీపీయూ లోపల తుప్పు పట్టి, ఆన్ చేస్తే పాత మోటారు సైకిలు లాగా దగ్గేది. కీబోర్డులో ఎర్రచీమలు కాపురం పెట్టాయి. ఆమె గట్టిగా కొట్టే అక్షరాల కింద నుంచి పరిగెత్తుకొచ్చి, మెల్లిగా కొట్టే అక్షరాల కింద సర్దుకునేవి. ఒకరోజు పెళ్లికూతురి ఇంటిపేరు మధ్యలో ఉండగా తెర నల్లబడిపోయింది. అబిగయీలు నెల్లూరులో ఫోన్లూ ట్యాబులూ అమ్మే షాపులో పనిచేసే తన మరిది సుశీల్ కుమార్‌కి ఫోన్ చేసింది.

సుశీల్ వచ్చాడు. ఒంటరిగా రాలేదు. ఇంకొకరి సాయంతో ఓ అట్టపెట్టె మోసుకొచ్చాడు. దాన్ని బస్సులో సామాన్ల చోట పెట్టడం కుదరక కిటికీ పక్కన సీట్లో కూర్చోబెట్టాడట. సీట్లో కూర్చున్నది ఏదైనా ప్రయాణికుడే అని కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడట. పెట్టె విప్పితే నల్లని అద్దం, బీరువా తలుపంత. కృష్ణపట్నంలో కంపెనీ బస్సు నడిపే అబిగయీలు భర్త జీవానందం ఆదివారం వచ్చి చూసి, గడియ ఎటువైపు ఉందని అడిగాడు.

"ఇది ట్యాబొదినా. కంప్యూటర్ల కాలం అయిపోయింది. సీపీయూ లేదు, కీబోర్డు లేదు, మౌసు లేదు. చీమకి దూరే సందు కూడా లేదు. అంతా వేలితోనే" అన్నాడు సుశీల్.

చీమల మాట అబిగయీలుకి నచ్చింది. పాత కంప్యూటరుని అటకెక్కించింది.

మొదట ట్యాబుని గోడకి ఆనించి నిలబెట్టారు. చేతులు పైకెత్తి టైపు చేయాల్సి వచ్చేది. దారినపోయేవాళ్లకి ఆమె వీపు మాత్రమే కనపడేది. ఎవరో గోడ మీద ఉన్నవాడిని బతిమాలుతున్నట్టు ఉండేది. మధ్యాహ్నానికి భుజాలు పడిపోయాయి. అందుకని దాన్ని బల్ల మీద పడుకోబెట్టారు. పడుకోగానే అది బల్ల అయిపోయింది. వచ్చినవాళ్లు దాని మీద టీ గ్లాసులు పెట్టారు, కూరగాయల సంచులు పెట్టారు, మోచేతులు ఆనించి కూర్చున్నారు. టీ గ్లాసు పెట్టినచోట "ళ" పడేది. చీర కొంగు జారితే ఒక పేరా చెరిగిపోయేది.

అన్నిటికన్నా ఇబ్బంది ఇంకొకటి. అద్దం మీద అక్షరాలు వేలికి తగలవు. ఎక్కడ ఏ అక్షరం ఉందో కళ్లతో చూస్తే తప్ప తెలియదు. అందువల్ల అబిగయీలు తల వంచి అద్దంలోకే చూస్తూ ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టింది. అలా వెతుక్కుంటూ మాట్లాడటం ఆమెకు చేతకాలేదు. వచ్చినవాళ్లు కోడలి సంగతి చెప్పారు, బర్రె సంగతి చెప్పారు. ఆమె తలెత్తలేదు. కొన్నాళ్లకి అబిగయీలుకి మాట పడిపోయిందనే వార్త వాకాడు దాటి మనుబోలు వరకూ పోయింది.

చర్చి పాస్టరు సుకుమార్ గారు ప్రార్థన చేయడానికి షాపుకే వచ్చారు. ఉపవాస కూడికల కరపత్రం అప్పుడే తెర మీద ఉంది. ఆయన బైబిలుని ట్యాబు మీద ఆనించి, కళ్లు మూసుకుని, ఈ సహోదరి నాలుకను విడిపించమని చాలాసేపు వేడుకున్నారు. కళ్లు తెరిచేసరికి బైబిలు బరువుకి కరపత్రం నిండా "దదదద" అని పడి ఉంది.

"పాస్టరు గారూ, నా నాలుక బాగానే ఉండాది. బైబిలు కొంచెం పైకెత్తండి" అంది అబిగయీలు.

ప్రార్థన ఫలించిందని ఆయన సంతోషంగా వెళ్లిపోయారు.

ఇలా ఉండగా జయరామయ్య ఎద్దులు గెలిచాయి. ఆయన ఆ పక్క పల్లెలో వరి పండించే రైతు. మనుబోలు దగ్గర జరిగిన బండలాగుడు పోటీలో ఆయన జత మొదటి బహుమతి కొట్టింది. ఆ పోటీల్లో ఎద్దులకి ఎన్ని పళ్లు వచ్చాయో చూసి వయసు లెక్కకట్టి విభాగాలు చేస్తారు. ఈ జతది నాలుగు పళ్ల విభాగం. ఊరి మలుపులో ఫ్లెక్సీ పెట్టాలని ఆయన బావమరిది గిరిబాబూ, అల్లుడు నరేంద్రబాబూ, భార్య చెంచులక్ష్మీ షాపుకొచ్చారు. జయరామయ్య మాత్రం ఎద్దులకి నీళ్లు పెట్టాలని రాలేదు. అయినా ఆయన ఫొటో వచ్చింది.

"అక్కా, ఎద్దులే పెద్దగా ఉండాల. మేం ఊరికే పక్కన చిన్నగా ఉంటే చాలు" అన్నాడు గిరిబాబు.

అబిగయీలు అలాగే చేసింది. మధ్యలో ఎద్దులు, వాటి మెడల్లో బంతిపూల దండ బొమ్మ, కింద విభాగం పేరు, పక్కన ఇంటివాళ్లు. అందరూ బల్ల చుట్టూ నిలబడి చూశారు. బాగుందన్నారు. అప్పుడు గిరిబాబు, "ఈ ఫొటో ఇంకొంచెం ఇటుగా ఉంటే" అని తన బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు. బొమ్మ వేలితోపాటు జరిగింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అది నేను జరిపినానా?"

"నువ్వే జరిపినావన్నా."

"ఇంకోసారి జరపనా?"

అబిగయీలు వద్దనేలోపే జరిపాడు. రెండు వేళ్లతో సాగదీస్తే పెద్దదవుతుందని కూడా కనుక్కున్నాడు. అది చూసి నరేంద్రబాబు కూడా వేలు పెట్టాడు. బావమరిది పెద్దగా ఉన్నప్పుడు అల్లుడు చిన్నగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారన్నాడు. వాళ్లిద్దరూ పెరిగేకొద్దీ ఎద్దులు తగ్గాయి. అర్జీ కోసం వచ్చినవాళ్లు కూడా ఒక చెయ్యి వేశారు. చుట్టమైన వాళ్లు వేశారు, కానివాళ్లూ వేశారు.

"నన్ను ఎవురబ్బా ఎద్దు కొమ్ముకి తగిలించినారు?" అంది చెంచులక్ష్మి.

ఇన్నేళ్లలో అబిగయీలుకి ఇలాంటి అవస్థ ఎప్పుడూ రాలేదు. కంప్యూటరు ముందు అందరూ సలహాలు చెప్పేవాళ్లే, మౌసు మాత్రం ఆమె చేతిలో ఉండేది. విన్నట్టు తల ఊపి తనకు తోచింది చేసేది. ఇప్పుడు చూపించడానికి వేలు పెడితే అదే పని అయిపోతోంది. "ఒకరొకరే, ఒకరొకరే" అని ఆమె అంటూనే ఉంది. ఆ తోపులాటలో ఎవరి మోచేయి ఎక్కడ తగిలిందో, ట్యాబు టింగుమంది. అందరూ ఎవరి ఫోన్ వాళ్లు తీసి చూసుకున్నారు. మోగింది ఫోన్ కాదు. ఫ్లెక్సీ గూడూరికి వెళ్లిపోయింది. ఆ సంగతి తెలియక, వాళ్లంతా వెళ్లాక అబిగయీలు కూర్చుని బొమ్మలన్నీ ఓపిగ్గా యథాస్థానాల్లో పెట్టి మళ్లీ పంపింది. ఒకే ఫ్లెక్సీ రెండుసార్లు వచ్చిందనుకుని గూడూరువాళ్లు మొదటిదే అచ్చు వేశారు.

మర్నాడు పొద్దున ఊరి మలుపులో ఫ్లెక్సీ లేచింది. బంతిపూల దండ జయరామయ్య మెడలో ఉంది. ఆయన మొహం కింద బారెడు అక్షరాలతో, "నాలుగు పళ్ల విభాగంలో ప్రథమ స్థానం సాధించిన సందర్భంగా శుభాకాంక్షలు" అని ఉంది. అటూ ఇటూ గిరిబాబు, నరేంద్రబాబు. అట్టడుగున, "ఇట్లు, మీ శ్రేయోభిలాషులు" అన్నచోట, పిల్లికూనలంతేసి ఎద్దులు రెండు ఆయన్ని అభినందిస్తున్నాయి.

జయరామయ్య సాయంత్రం షాపుకొచ్చాడు. పెద్దమనిషి. చెప్పులు బయట విడిచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"అబిగయీలమ్మా, నాకు నాలుగు పళ్లని ఎవురు చెప్పినారు?" అని అడిగాడు.

"పెద్దాయనా, అది ఎద్దులకి రాసింది. ఎవుర్దో వేలు తగిలి..."

ఆయన నోరు తెరిచి, వేలితో పెదవి పక్కకి లాగి చూపించాడు. "మూడే ఉండాయి. కింద రెండు, పైనొకటి. ఊరంతా తెలుసు. లేని పన్ను ఉందని రాయించుకున్నానని రేపు నలుగురూ అనుకుంటే నాకు నామోషీ కదమ్మా."

నవ్వాలో ఏడవాలో అబిగయీలుకి తెలియలేదు. కొత్తది వేసిస్తానని చెప్పి, మంచినీళ్లిచ్చి పంపించింది.

పాత కంప్యూటరుని అటక మీద నుంచి దింపింది. సీపీయూ తీసుకెళ్లి రిపేరు చేయించింది. కీబోర్డు ఎండలో బోర్లించింది. చీమలు బారులు తీరి ఎరువుల షాపులోకి వెళ్లిపోయాయి. తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుని రెండే రెండు ఎద్దుల్ని నిండుగా పెట్టి, వాటి కింద విభాగం రాసి, యజమాని పేరు చేర్చి, తన చేత్తోనే గూడూరికి పంపింది. ఎవరి మొహమూ పెట్టలేదు.

కొత్త ఫ్లెక్సీ చూసి గిరిబాబు పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, మేం యాడ?"

అబిగయీలు ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తోంది. ట్యాబుని షాపు గుమ్మంలో రోడ్డు వైపు తిప్పి నిలబెట్టి ఉంచింది. అందులో పాత ఫ్లెక్సీ వెలుగుతోంది. "మీరంతా ఇందులో ఉండారన్నా. ఎవురికి ఎంత కావాలంటే అంత పెంచుకోండి. గూడూరికి పంపే మీట మాత్రం తీసేసినా" అంది.

గిరిబాబు తన మొహాన్ని బాగా పెంచుకుని, వెనక్కి నడిచి బస్టాండు నుంచి చూసుకుని, తృప్తిగా వెళ్లాడు. మధ్యాహ్నం నరేంద్రబాబు వచ్చి గిరిబాబుని తగ్గించాడు. అప్పటి నుంచి అదొక దినచర్య అయింది. పొద్దున గిరిబాబు, మధ్యాహ్నం అల్లుడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఎవరు ఎంత ఉన్నారో చూసి ఎక్కేవాళ్లు. వేరే ఊళ్ల నుంచి కూడా ఫంక్షన్లకి ముందు కుటుంబాలు రావడం మొదలుపెట్టాయి. తమ ఫ్లెక్సీని కూడా ట్యాబులో వేయించుకుని, దాని దగ్గర గొడవంతా అయిపోయాక లోపలికి వచ్చి, "ఇంక మీకు తోచినట్టు కొట్టండి అక్కా" అనేవాళ్లు.

సుశీల్ ఒకరోజు వచ్చి, రొయ్యపిల్లల హేచరీ నడిపే ఒకాయన పెద్ద ట్యాబు అడుగుతున్నాడు, తీసుకుపోతానన్నాడు. లోపల కంప్యూటరు దగ్గుతూ పనిచేయడం చూసి అతని మొహం చిన్నబోయింది. "పనికి పనికిరాలేదా ఒదినా?"

"పనికి పనికిరాలేదు. కానీ తీసకపోవాలంటే జయరామయ్య ఇంటివాళ్లని అడగాల" అంది అబిగయీలు.

జయరామయ్యనే అడిగారు. ఆయన, "ఇంటి మనుషులు అందులో ఉండారు కదబ్బాయా, ఎట్ట పంపేది?" అన్నాడు. సుశీల్ ఉత్తచేతులతో వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం షాపు మూసే వేళకి చెంచులక్ష్మి వచ్చింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, అడుగున ఉన్న ఎద్దుల మీద రెండు వేళ్లు ఆనించి కొంచెం సాగదీసింది. తన ఫొటో ముట్టుకోలేదు. "రోజూ ఇంతింత చేస్తా ఉండా. మావాళ్లకి చెప్పబాకమ్మా" అంది.

అబిగయీలు చెప్పనని మాటిచ్చి, ఆమె కోసం ఇంకొంచెంసేపు షాపు తెరిచే ఉంచింది.