తొలి కాన్పు పుట్టింట్లోనే

పలమనేరులో మాదీ నా స్నేహితురాలిదీ ఎదురెదురు ఇళ్లు. చర్చికి పోయినా బడికి పోయినా ఇద్దరం జంటే. ఒకే కంచం, ఒకే మంచం అంటారే, అట్లా పెరిగాం. వాళ్లమ్మను నేను పెద్దమ్మా అనేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బడిలో మా వాడ పేరెత్తి దాన్ని ఎవరైనా వంకరగా మాట్లాడితే కొట్లాటకు పోయేది నేను.

తిరుపతిలో బట్టల షాపులో పని చేస్తూ అది చిత్తూరు వ్యాపారస్తుల అబ్బాయిని చేసుకుంది. గుడిలో పెళ్లి. వాళ్లది మా కులం కాదు, మా మతమూ కాదు. అందుకే మమ్మల్ని ఎవరినీ పిలవలేదు. కొంచెం సద్దుమణిగాక వస్తానంది. సరేలే, సుఖపడితే చాలు అనుకున్నాం. ఆ తర్వాత అన్నీ ఫోన్లలోనే.

అది కడుపుతో ఉందని తెలిసినప్పటి నుంచి పెద్దమ్మకు కాలు నిలవలేదు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా. ముందు గదికి సున్నం కొట్టించింది. పాత చీరలు ఉతికి మెత్తటి గుడ్డలు చించి పెట్టింది. సీమంతానికి మాత్రం అది నన్నొక్కదాన్నే పిలిచింది, బొట్టు పెట్టుకొని రమ్మని మరీ చెప్పింది. నాకు అప్పుడే ఒళ్లు మండింది. పెద్దమ్మేమో చెనిక్కాయ పప్పులు బెల్లంతో దంచి ఉండలు చేసి డబ్బా నా చేతికిచ్చి, కాన్పుకు ఎప్పుడు పిలుచుకొని రావాలో అడిగి రమ్మంది. ఆమె కోసం బొట్టు పెట్టుకొని బస్సెక్కాను.

చిత్తూరులో వాళ్ల ఇంటినిండా జనం. దాని అత్త మంచిదే, నన్ను చేయి పట్టుకొని కూర్చోబెట్టింది.

"పాపం, తల్లి లేని పిల్ల. అమ్మ సచ్చిపోయిందని చెప్పి ఎంత ఏడ్సిందో. నువ్వన్నా వచ్చినావు, సంతోషమమ్మా. కాన్పు ఈడనే చేస్తాములే."

డబ్బా నా ఒళ్లోనే ఉంది. గాజులు తొడిగే వంతు వచ్చినప్పుడు దాని చెవి దగ్గర వంగి, పెద్దమ్మకు ఏమని చెప్పమంటావని అడిగాను. అది ఎదురుగా ఉన్న ఆడవాళ్లను చూసి నవ్వుతూనే ఉంది.

"ఏదో ఒకటి చెప్పు మే. నువ్వు చెప్తే నమ్ముతాది."

దాని కోసం ఊరందరితో కొట్లాడిన నోరు నాది. ఇప్పుడు ఆ నోటితోనే దాని తల్లికి అబద్ధం చెప్పాలట. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఇదే. అక్కడే చెంప పగలగొట్టాలనిపించింది. కడుపుతో ఉన్న మనిషి కదా అని ఊరుకున్నాను. డబ్బా దాని ఒళ్లో పెట్టి, భోజనానికి కూడా ఉండకుండా వచ్చేశాను.

పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. దారి పొడవునా నాకు ఒక్క అబద్ధమూ కుదరలేదు. నువ్వు చచ్చిపోయావని వాళ్లకు చెప్పుకుందని, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె తిడుతుంది, నేనూ కలిసి తిడదామని కాచుకున్నాను. ఆమె తిట్టలేదు. ఏం జబ్బుతో పోయానని చెప్పిందో అడిగింది. నాకు తెలియదన్నాను.

"అయితే ఇంక నేను చిత్తూరు పక్కకు పోకూడదు మే. ఎవరన్నా గుర్తుపడితే బిడ్డకు మాటొస్తాది."

ఏటా మామిడి కాలంలో ఆమె చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోయేది. ఆ ఏడు పోలేదు. అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పింది.

బిడ్డ పుట్టాక అది నాకు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. ఎత్తితే, అమ్మ ఎట్లుందని అడుగుతుంది. చంపుకున్న మనిషిని ఎట్లుందని అడిగితే నేనేం చెప్పేది?