పగులున్న రాయికి చిన్న పలక

మా మేనత్త పోయింది. గురువారం పొద్దున మార్కాపురం నుంచి రైల్లో కబురు తెచ్చిన మా వీధి జట్కా ఆయన, కంభం దవాఖానా మెట్ల మీద నిలబడి తలగుడ్డ తీశాడు. "అత్త పోయింది అబ్బయా. తెల్లారి మజ్జిగ తాగి పడుకున్నదంట. మళ్ల లెయ్యలా" అన్నాడు. నేను ఏడవలేదు. "సీసాలో ఎంత మిగిలింది?" అని అడిగాను. పాపం, ఆయన నాకు మతి పోయిందనుకుని నా చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టాడు.

ఆ ప్రశ్న నా నోట ఎందుకొచ్చిందో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. అయితే ముందు మా అత్త ఎట్లాంటిదో తెలియాలి.

ఆమె మా నాయనకు అక్క. మా మామ చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. నా తల్లి పోయాక నన్ను చంకనేసుకున్నది ఆమే. మార్కాపురంలో పలకల కార్ఖానాలో రాయి పరీక్ష చేసే పని ఆమెది. గని నుంచి వచ్చిన రాతిని వేలి గణుపుతో తట్టి, చెవి పెట్టి వినేది. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. ఈ అలవాటు ఇంటికీ వచ్చింది. కుండను తట్టేది, గుమ్మడికాయను తట్టేది, పరీక్ష తప్పి ఇంటికొస్తే నా నెత్తినీ తట్టేది. "లోపల ఖాళీగా ఉండాదిరా" అని తేల్చేది. ఇల్లంతా నవ్వులు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

పగులున్న రాయి దగ్గర కొత్తగా చేరినవాళ్లు రెండు తప్పులు చేస్తారు. కొందరు విసిరి పారేస్తారు. కొందరు ఎట్లాగైనా పెద్ద పలక తీయాలని సుత్తి గట్టిగా వేస్తారు, రాయి కాస్తా ముక్కలవుతుంది. అత్త ఈ రెండూ చేసేది కాదు. పగులు ఎక్కడ ఆగిందో తట్టి తట్టి కనిపెట్టి, బలపంతో గీత గీసి, మిగిలిన మంచి వైపు నుంచి చిన్న పలక కోయించేది. "ఓనమాలు దిద్దే బిడ్డకు పెద్ద పలకెందుకు? చంకలో ఇమిడితే చాలు" అనేది. నేను అక్షరాలు నేర్చుకున్నది అట్లాంటి పలక మీదే.

పోయిన ఎండాకాలంలో ఆమె కడుపులో గడ్డ బయటపడింది. ఆమే ముందు కనిపెట్టింది. ఒక ఆదివారం నేను వెళితే, కడుపు మీద తట్టి చూపించి, "అల్లుడా, పగులుండాది" అంది, దొంగను పట్టుకున్నంత హుషారుగా. మా డాక్టరుగారు చూసి, నన్ను పక్కకు పిలిచి, ఇది నయమయ్యేది కాదనీ, కోసినా బతుకు పెరుగుతుందన్న నమ్మకం లేదనీ చెప్పారు. నేను కంభం దవాఖానాలో కాంపౌండరును. ఆయన మాటల్లో చెప్పినదీ చెప్పనిదీ రెండూ నాకు అర్థమయ్యాయి.

మా నాయనకు మాత్రం అర్థం కాలేదు, కానివ్వలేదు. గిద్దలూరు వెళ్లి అడవి వేరు తెచ్చాడు. తమ్ముడు తెచ్చాడు కదా అని అత్త ముక్కు మూసుకుని తాగింది. దర్శి సంతలో ఎవడో సర్వరోగాలకూ ఒకటే నూనె అమ్ముతుంటే అదీ తెచ్చాడు. పది రోజులకు సీసా ఖాళీ అయింది. "చూసినావా, అక్క మొగంలో కళ వచ్చింది!" అని నాయన వీధంతా చెప్పుకున్నాడు. తర్వాత అరుగు మీద ఆరబెట్టిన పలకల చెక్క చట్రాలు తళతళలాడుతూ కనిపించాయి. నాయన ఒకటి తీసి వాసన చూశాడు.

"ఏందక్కా ఇది?"

"నీ దర్శి మందేరా. నాకంటే వీటికి బాగా పట్టింది."

నాయన మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు మద్రాసు పెద్దాసుపత్రికి ప్రయాణమంటూ పరుపు చుట్టాడు. అత్త ఆ చుట్ట మీదే కూర్చుంది.

"తమ్ముడా, పగులున్న రాయి మీద సుత్తి గట్టిగా ఏస్తే ఏమైతాది?"

"ముక్కలైతాది" అన్నాడు నాయన, తల వంచుకుని.

"మరి ఇంగ నోరు మూసుకోని బువ్వ తిను."

మద్రాసు మాట అక్కడితో ఆగిపోయింది. నేను హమ్మయ్య అనుకున్నాను. నా వంతు ఇంకా రాలేదని నాకేం తెలుసు?

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఆమె నన్ను పెరట్లోకి పిలిచింది. అప్పటికే నొప్పి వచ్చినప్పుడు మాట మధ్యలో ఆగిపోయేది. "అల్లుడా, మీ అలమారలో నల్లమందు ఉంటాది గదా. ఒక్క పెద్ద గుటక పోసి నన్ను పంపించు. నేనైతే ఎవురికీ చెప్పనులే" అని నవ్వింది.

ఆ అలమార తాళంచెవి నా మొలతాడుకే ఉంది. నాకు చట్టం గుర్తుకు రాలేదు, పాపపుణ్యాలు గుర్తుకు రాలేదు. నన్ను పెంచిన చెయ్యి నా చెయ్యి పట్టుకుని అడుగుతోంది. ఇవ్వనంటే ఆమెను నొప్పికి వదిలేసినట్టు, ఇస్తే నా చేత్తో నా తల్లిని చంపుకున్నట్టు. కోపం వచ్చింది.

"పగులున్న రాయిని పారేసినోణ్ణి నువ్వు కార్ఖానాలో ఉండనిచ్చినావా అత్తా?" అని అరిచాను.

ఆమె నోరు తెరిచి నన్నే చూసింది. తర్వాత పైటచెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఓరి నీ పాసుగూల! నా రాయి తీసుకోని నా నెత్తినే ఏసినావు గదరా! సరే పో. నొప్పి తియ్యడం నీ పని. మిగిలిన పలక నేను కోసుకుంటా."

డాక్టరుగారితో దాచకుండా అంతా చెప్పాను. నొప్పి ఆగేంత నల్లమందు కలిపి వారానికొక సీసా రాసిచ్చారు. రోజుకొక గాటు చొప్పున ఏడు గాట్లు పెట్టిన కాగితప్పట్టీ సీసాకు అంటించాను. "వారం మందు ఒక్కసారే ఇంట్లో పెడుతున్నావు, గుర్తుంచుకో" అన్నారాయన. సీసా నాయన దగ్గర ఉంచుదామంటే అత్త ఒప్పుకోలేదు. "నమ్మితే నా చేతికియ్యి, లేకుంటే నీ సీసా నాకొద్దు" అంది. ఆమె చేతికే ఇచ్చాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం కొత్త సీసాతో మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగగానే జట్కా ఆయనను తొందరపెట్టేవాణ్ణి. గడపలో అడుగు పెట్టగానే, నేను అడగకముందే, ఆమె గూట్లోంచి ఒక చిన్న పలక తీసి నా ముందు పెట్టేది. దాని మీద ఏడు గళ్లు. దీపాలు పెట్టేవేళ మందు తాగి గడికొక గీత గీసేది. "చూసుకో దొరా, దొంగతనమేమీ చెయ్యలా!" అనేది. నాకు సిగ్గేసేది. అయినా కళ్లు సీసా వైపే పోయేవి.

నొప్పి లొంగింది. మా అత్త మళ్లీ మా అత్త అయింది. కార్ఖానాకు నడవలేకపోతే రాళ్లే ఇంటికొచ్చాయి, మంచం మీద కూర్చునే తట్టి చెప్పేది. వానలకు కంభం చెరువు అలుగు పారుతోందని విని, చూసి తీరాలని పట్టుపట్టి రైలెక్కింది. నీళ్లలో కాళ్లు పెట్టుకుని, వేయించిన చేపముక్కలు తిని, ముల్లు ఒకటి నాయన భుజం మీదకు ఉమ్మింది. "మద్రాసులో ఉంటే ఈ పాటికి గంజి తాపిస్తా ఉందురు" అంది. నాయన కూడా నవ్వాడు. ఆ బాధ మొదలయ్యాక ఆయన అట్లా నవ్వడం అదే మొదలు.

నేను చేసింది ఒప్పని గట్టిగా చెప్పలేను. ఆ నొప్పి మందుకు లొంగకపోయి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. అడిగినవాళ్లకు ఆ గుటక ఇవ్వాలనేవాళ్లతోనూ, చివరి ఊపిరిదాకా మందు వెతకాలనేవాళ్లతోనూ నాకు తగువు లేదు. మా ఇంట్లోనే ఆ రెండు మాటలూ పుట్టాయి, రెండూ ప్రేమతోనే పుట్టాయి.

గురువారం ఇంటికి వెళ్లేసరికి ఆమెను నట్టింట్లో చాప మీద పడుకోబెట్టారు. నేను ముందు ఆమె మొహం చూడలేదు, క్షమించాలి, నేరుగా గూటి దగ్గరికి వెళ్లాను. పలక మీద నాలుగు గీతలున్నాయి: ఆది, సోమ, మంగళ, బుధ. సీసా వాకిట్లోకి తెచ్చి వెలుతురుకు పట్టుకున్నాను. మందు సరిగ్గా నాలుగో గాటు దగ్గర నిలిచి ఉంది. మూడు రోజుల మందు అట్లే ఉంది.

అప్పుడు కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను, దొంగతనమేమీ చెయ్యలా అని ఆమె నోటితో అన్నట్టే వినిపించింది. నాయన వచ్చి పక్కన కూర్చుని, నా చేతిలోంచి పలక తీసుకున్నాడు. వేలి గణుపుతో తట్టి చెవికి ఆనించుకున్నాడు. ఖంగుమంది. దాన్ని అట్లాగే చెవి దగ్గర పట్టుకుని కూర్చున్నాడు. మిగిలిన మూడు గళ్లు తుడిచినట్టు శుభ్రంగా, నల్లగా, గీత లేకుండా నావైపు తిరిగి ఉన్నాయి.