ముడి లాగని చెయ్యి

జమీలా ఆపా ఇక లేరన్న దుర్వార్త గత శుక్రవారం ఉదయం నాకు గాజువాకలో, షేర్ ఆటోలో ఉండగా అందింది. ఫోన్ చేసిన ఆవిడ కోడలు రెండోసారి చెబితే గాని నాకు తలకెక్కలేదు. ముందురోజు సాయంత్రమే ఆవిడ గదికి అవతలి మూల నుంచి, పిల్లి చంక కింద చిక్కు వదిలేశానని నన్ను చీవాట్లు పెట్టారు. అంత నిండుగా ఉన్న మనిషి నిద్రలోనే కన్నుమూశారు.

విశాఖ వన్‌టౌన్‌లో ఆవిడ మగ్గం పని తెలియని ఇల్లాలు అరుదు. జరీతో, పూసలతో ఆవిడ కుట్టిన నెమళ్లు ఎందరో పెళ్లికూతుళ్ల భుజాల మీద వెలిగాయి. గోదావరి నుంచి ఉక్కు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం మాది. సూది పట్టే విద్య మా ఇంటావంటా లేదు. ఆరేళ్లు ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అయితే ఆవిడ ఔన్నత్యం చెప్పాలంటే జాకెట్ల కంటే ముందు మక్మల్ గురించి చెప్పాలి.

మక్మల్ తెల్లని పర్షియన్ పిల్లి. వంశవృక్షం కాగితాలతో సహా వచ్చింది. ఇంత ఘనమైన వంశం మా ఎవరికీ లేదని ఆపా దగ్గర పని నేర్చుకునే మేమంతా నవ్వుకునేవాళ్లం. బదిలీ మీద ఊరు వదిలిన ఒకావిడ దాన్ని ఆపాకు అప్పగించి వెళ్లింది. అప్పటికి దాని పొట్ట కింద బొచ్చంతా చిక్కుపడి అట్టకట్టి ఉంది. సీతమ్మధారలో పశువుల డాక్టరుగారు చూసి, మత్తిచ్చి గొరిగేయడం తప్ప దారి లేదన్నారు. ఆపా వారం రోజుల గడువు అడిగారు.

చిక్కుపడిన పట్టుదారానికి సైతం కత్తెర పెట్టని మనిషి ఆవిడ. రోజూ కాస్త మొక్కజొన్న పిండి చల్లి, చర్మం లాగకుండా ముడి మొదలు వేళ్లతో పట్టుకుని, కొస నుంచి నాలుగేసి వెంట్రుకలు విడదీసేవారు. నేను తొందరపడి దువ్వెన లాగితే చెయ్యి పట్టుకున్నారు.

"ఏటి సేత్తన్నావే పిల్లా? లాగకు. లాగితే ముడి బిగిసిపోద్ది, దానికి నొప్పెడతాది. కొస కాడ్నుంచి రా."

వారం తర్వాత డాక్టరుగారు దాని పొట్ట తడిమి, ఎవరు చేశారని ఆశ్చర్యపోయారు. ఆపా నా వైపు చూపించారు. నేను చేసిందల్లా పిల్లి కాళ్లు పట్టుకోవడమే.

రేవు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ముకు మా ఊళ్లో తెల్లచీర ఆరేయడమే సాహసం, ఇక తెల్లపిల్లి సంగతి చెప్పాలా? రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక గంటసేపు దువ్వడం, తడిదూదితో కళ్లు తుడవడం ఆవిడకు నిత్యకృత్యం. పిల్లికి ఇంత సేవ ఏమిటని పక్కింటివాళ్లు వెక్కిరిస్తే, "ఇలాటి బొచ్చు మనుసులే కావాలని పెంచారు. దానికది సూసుకోలేదు. మనమే సూసుకోవాల" అనేవారు.

ఇప్పుడు నేను రాయక తప్పని మాట ఉంది. దారం మింగితే పిల్లి ప్రాణానికే ముప్పు. అందుకే పని ముగిశాక మేమంతా నేలను అరచేతులతో తడిమి, దారప్పోగులు ఏరాకే లేవాలన్నది ఆవిడ శాసనం. రెండేళ్ల కిందట ఒకరోజు బస్సు తప్పుతుందన్న హడావుడిలో నేను నా చోటు తడమలేదు. చెప్పులు వేసుకుంటుండగా చూస్తే మక్మల్ నోట్లోంచి జరీపోగు వేలాడుతోంది. కంగారుగా చెయ్యి చాపాను. "లాగకు" అన్నారు ఆపా. లోపల పేగులు తెగిపోతాయని, దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళుతూ దారిలో చెప్పారు. ఆపరేషన్ చేసి బతికించాక, ఆ దారం నేలమీద వదిలిందెవరని డాక్టరుగారు గద్దించారు.

"నానే బాబూ. వయసైపోనాది, కళ్లు ఆనడం లేదు" అన్నారు ఆపా.

నేను నోరు విప్పలేదు. ఆ మాట బజారంతా పాకింది. జమీలా చూపు మందగించిందట అని కొందరు పెళ్లిజాకెట్లు వేరేచోటికి పట్టుకుపోయారు. ఆవిడ ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు, నన్ను పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు నా చోట్లోనే నన్ను కూర్చోబెట్టి పని ఇచ్చారు.

శుక్రవారం ఆ ఇంట్లో ఒకావిడ, పాపం ఆఖర్లో చూపు పోయింది కదా అంది. అప్పటికి మక్మల్ మగ్గం కిందికి దూరి ఉంది. ఎవరో దాని కాలు పట్టుకుని ఈడ్చబోతే, లాగకండి అన్నాను. మగ్గం పక్కన నేలమీద కూర్చున్నాను. చాలాసేపటికి అదే వచ్చి నా ఒళ్లో పడుకుంది. చంక కింద వేళ్లు పెట్టి చూశాను. పెసరగింజంత ముడి. ముందురోజు సాయంత్రం ఆపా గది అవతలి మూల నుంచి, కళ్లజోడు లేకుండా చూసింది దాన్నే.

కొస నుంచి మొదలుపెట్టి ఆ ముడి విప్పాను. అలాంటి గురువు మళ్లీ నాకు దొరకరు. ఆవిడ శిష్యురాలినని చెప్పుకోవడం కంటే పెద్ద బిరుదు నాకు అక్కర్లేదు. కానీ ఆ మాట చెప్పుకునే ముందు, ఆవిడను ఎరిగిన అందరికీ ఇంకో మాట చెప్పాలి. ఆపా కళ్లు ఆఖరి సాయంత్రం దాకా నిక్షేపంగా ఉన్నాయి. ఆ దారం వదిలింది నేను.