9973లో మిగిలిన నీళ్లు

జడ్చర్లలో ఎండకు కాలిన రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్ కారుకుంటూ పోతే ఒక తడి మట్టి వాసన లేస్తుంది. దానికి నేనిప్పటికీ ఆగిపోతాను. చూపు నంబరు ప్లేటు వైపే పోతుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మర్రిగూడ దగ్గర మా ఊరికి తాగే నీళ్లు ట్యాంకర్‌లోనే వచ్చేవి. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగీ తాగీ మా అవ్వ నడుము అప్పటికే వంగిపోయింది. ఆ ట్యాంకర్ నంబరు 9973. లెక్కలంటే ప్రాణం పెట్టే మా అక్క ఒకనాడు దాన్ని పుల్లతో నేల మీద రాసి, వాకిలి నిండేదాకా భాగిస్తూ కూర్చుంది.

"గిది ప్రధాన సంఖ్యనే. ఒకటితోని, దానితోని తప్ప దేనితోని భాగించినా ఎంతో కొంత మిగుల్తది" అంది.

నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఎంతమందికి పంచినా ఆ ట్యాంకర్‌లో నీళ్లు మిగులుతాయన్నమాట! కళ్లు మూసుకుంటే ఆ నాలుగంకెలు నీళ్లలో మెల్లగా తేలుతూ కనిపించేవి. మర్నాటి నుంచి నా చిన్న బిందెతో వరుస చివరనే నిలబడ్డాను.

"ముందుకు పోరాదె బిడ్డా, అయిపోతయ్!" అని అవ్వ గడపలోంచి అరిచేది.

"ఫికర్ చెయ్యకవ్వా, మిగుల్తయ్."

నిజంగానే మిగిలేవి. సన్నటి ధారకు నా బిందె నిండేది. 9973 ఒక్కనాడూ మాట తప్పలేదు.

నా ముందు ఎప్పుడూ పక్కింటి పెద్దమ్మ ఉండేది. పైపు తీసి నా బిందెలో పెట్టి, తన బిందె చంకకెత్తుకునేది. అందులో రోజూ అంచు కింద బెత్తెడు ఖాళీ ఉండేది.