కూర్మారావు ఫ్లెక్సీలో తెల్ల జాగా

కొందరికి బంగారం పిచ్చి, కొందరికి భూమి పిచ్చి. బారువ కూర్మారావుకి ఖాళీ జాగా పిచ్చి. స్థలాల బేరం అనుకునేరు, అదేం కాదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య, బొమ్మకీ అంచుకీ మధ్య ఏమీ పెట్టకుండా వదిలేసిన చోటు కనబడితే చాలు, ఆయనకి కడుపు నిండిపోతుంది. టెక్కలిలో ఎవరో రాళ్ల క్వారీలో మిగిలిన గ్రానైట్ ముక్కల మధ్య సందులు వదిలి ప్రహరీ కట్టుకుంటే, దాన్ని చూడ్డానికి బస్సు ఆపించి దిగిపోయాడు. ఇంటివాళ్లు దొంగనుకుని కుక్కని వదిలారు. ఆయన కుక్కకి కూడా గోడ అందం చూపించబోయాడని చెప్పుకుంటారు. పలాస జీడిపప్పు డబ్బా కొంటే పప్పు పక్కింటికి ఇచ్చేసి, అక్షరాల ఎడం బాగుందని లేబుల్ దాచుకునే మనిషి, అంతపనీ చేసే ఉంటాడు.

ముప్పై ఏళ్లు బారువ తీరంలో పడవలకి పేర్లు రాశాడు. ఫ్లెక్సీలొచ్చి కుంచె మూలపడ్డాక, కాశీబుగ్గలో మేనల్లుడు యువరాజు పెట్టిన ఫ్లెక్సీ దుకాణంలో చేరి, అరవై ఏళ్ల వయసులో కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఈ ఖాళీ విద్య మాత్రం ఏ బడిలోనూ రాలేదు, పెళ్లాం దగ్గర వచ్చింది. పెళ్లయిన కొత్తలో కన్నమ్మ ఇసుక మీద నెత్తళ్లు ఆరేస్తుంటే చూశాడు. చేపకీ చేపకీ వేలెడు ఎడం. ఎందుకని అడిగితే, ఎడం లేకపోతే గాలాడదు, గాలాడకపోతే కుళ్లిపోతాయని చెప్పింది. అప్పట్నించీ ఆయన రాసిన ప్రతి అక్షరం ఆ నెత్తళ్ల లెక్కే. కాని కన్నమ్మ ఆయన పనిని ఒక్కనాడూ బాగుందన్న పాపాన పోలేదు. ఆవిడ మెచ్చుకోలు చేపలకే. చచ్చేలోగా ఒక్కసారి ఆవిడ నోట ఒక మంచిమాట వినాలని ఆయన కోరిక. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకైతే అంతకన్నా పెద్ద కోరిక ఎవరికైనా ఉంటుందని అనిపించదు.

ఆ కోరిక ఫ్లెక్సీ దుకాణంలో తీరేది కాదు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ అంటే అనుచరులందరి ముఖాలూ అందులో ఉండాలి. ఫోటో లేనివాడు పెళ్లికి పిలవని మేనమామలా అలుగుతాడు. ఉన్నవాడు టేపు తెచ్చి, పక్కవాడి తల తనకన్నా ఎంత పెద్దదో కొలుస్తాడు. ఇంకెక్కడి ఖాళీ?

మొన్న నారాయణరావు పుట్టినరోజొచ్చింది. నిమ్మాడ వైపు పాతిక ఎకరాల ఆసామి, చుట్టుపక్కల పదూళ్లకి నాయకుడు. యువరాజు యాభైమూడు ఫోటోలు మావ చేతిలో పెట్టి, అత్తవారి గృహప్రవేశానికని రెండు రోజులు టెక్కలి వెళ్లాడు. పిల్లికి చేపల బుట్ట అప్పగించి వెళ్లినట్టే అయింది. కూర్మారావు ఇరవై అడుగుల ఫ్లెక్సీలో ఎడమవైపు కింద నారాయణరావు ముఖం, దాని కింద పేరు పెట్టాడు. మిగిలినదంతా తెలుపు. యాభైమూడు మందిలో ఒక్కడూ లేడు. గురువారం పొద్దున్న దాన్ని జంక్షన్‌లో కట్టించి, బారువలో ఉన్న కన్నమ్మకి ఫోన్ చేసి, ఎక్కడేం పెట్టాడో అంతా చెప్పి, ఆదివారం వచ్చి చూడమన్నాడు.

తిరిగొచ్చిన యువరాజు దాన్ని చూసి రోడ్డు మీదే కూలబడ్డాడు. తన్నులు తప్పవనుకున్నాడు. కాని ఎవరూ రాలేదు. అంత జాగా ఊరికే ఖాళీగా ఉంచేవాడు ఈ భూమ్మీద ఉంటాడని కాశీబుగ్గలో ఎవరికీ తట్టలేదు. అది ఎవరికోసమో ఉంచిన జాగా. ఫోటో ఎంత పెద్దదైతే మనిషి అంత గొప్ప కాబట్టి, ఆ రాబోయేవాడు నారాయణరావుకి పదింతలు గొప్ప. ఎప్పుడూ రెండో ఫోటోగా ఉండే రామూర్తి జ్వరం తెచ్చుకుని మంచమెక్కాడు. ఎదుటి పార్టీ ఉమాశంకర్, పార్టీ మారడానికి తానింకా ఒప్పుకోలేదనీ, ఒకవేళ వేసేస్తే కళ్లజోడు ఉన్న ఫోటోయే వేయమనీ కబురంపాడు. శుక్రవారానికి ఆ తెలుపు నడుమ ఎవరో బంతిపూల దండ కట్టారు. ఆటోవాళ్లు దాన్ని చూసి దండం పెట్టి మరీ వెళ్తున్నారు.

నారాయణరావుకే భయం పట్టుకుంది. తన పక్కన తనకి తెలియకుండా వచ్చి కూర్చోబోయేది ఎవరు? కూర్మారావుని పిలిపించి, గది తలుపులు వేయించాడు.

"ఎవులి కోసం ఒగ్గేసినావు?"

"ఎవులదీ కాదు బాబూ. గాలాడాల గదా."

నారాయణరావు ఆయన ముఖంలోకి చూసి, బరువుగా తలూపాడు. తనకి కూడా చెప్పకూడనంత పెద్ద మనిషన్నమాట. కూర్మారావుకి ఆ తలూపుడు అర్థం కాలేదు. సందు దొరికింది కదా అని చేతులు జోడించాడు.

"ఆదోరం దాకా దాన్నలాగే ఉంచండి బాబూ. పది గంటల బస్సు దిగీదాకా."

ఆ మాట తలుపు సందులోంచి బయటపడి కొంప ముంచింది. ఆ వచ్చేవాడు ఆదివారం పదింటికి దిగుతాడని శనివారం సాయంత్రానికి మందస దాకా పాకిపోయింది. దిగితే దిగాడు, ఆయన ముఖం పడ్డాక చుట్టూ మిగిలే జాగా అయినా దక్కించుకోవాలని, ఆదివారం ఎనిమిదింటికల్లా జనం నిచ్చెనలతో, జిగురు డబ్బాలతో వచ్చిపడ్డారు. పాస్‌పోర్ట్ ఫోటోలు, పెళ్లి ఫోటోలు, రేషన్ కార్డు లోంచి కత్తిరించిన ముఖాలు. జ్వరంతోనే వచ్చిన రామూర్తి తనవి మూడు అంటించాడు. ఒకాయన చనిపోయిన తండ్రి ఫోటో కూడా అంటించాడు, ఎందుకైనా మంచిదని. కూర్మారావు రెండు చేతులూ బార్లా చాపి ఇరవై అడుగుల ఫ్లెక్సీకి అడ్డం నిలబడ్డాడు. ఆయన చేతులు అయిదడుగులు. మిగిలిన పదిహేనడుగులూ అరగంటలో నిండిపోయాయి. నారాయణరావు ముఖం మీద కూడా ఎవరిదో పసిబిడ్డ నవ్వుతోంది.

పది గంటల బస్సులోంచి బుట్టతో కన్నమ్మ దిగింది. అంత జనం ఒక్కసారిగా ఆవిడ వైపు తిరిగి, ఆవిడ వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూశారు. ఎవరూ దిగలేదు. బస్సు వెళ్లిపోయింది. కూర్మారావు తల వంచుకుని నిలబడ్డాడు. జిగురు కారుతున్న ముఖాల మీద ఈగలు వాలుతున్నాయి. ఆ క్షణంలో ఆయనకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

కన్నమ్మ ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూ చూసింది. పుట్టినరోజు అయిపోయింది కదా, ఇక దీన్నేం చేస్తారని యువరాజుని అడిగింది. పారేస్తామన్నాడు. అయితే నాకియ్యి అంది. సాయంత్రానికి దాన్ని చుట్టి, మొగుడి భుజం మీద పెట్టి, బస్సెక్కించి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున్న కూర్మారావు తీరానికి వెళ్లేసరికి, ఆ ఫ్లెక్సీ ఇసుక మీద తిరగేసి పరిచి ఉంది. ముఖాలన్నీ కిందకి, తెల్లటి వీపు పైకి. దాని మీద కన్నమ్మ నెత్తళ్లు ఆరేస్తోంది. ఎడమవైపు కింద ఒక మూల, వేలెడు ఎడంతో, బుట్టెడు చేపలు. మిగిలినదంతా తెలుపు. ఆయన అక్కడే ఆగిపోయాడు. ఫోన్లో తను లేఅవుట్ చెబుతుంటే ఆవిడ ఊఁ కొట్టింది, వినడం లేదనుకున్నాడు ఆ రోజు.

పక్కింటి జోగమ్మ తన చేపల గంపతో అటు వచ్చింది. అంత జాగా ఖాళీగా పడుందని చూసి, గంప వంచబోయింది.

"ఇదెవులి కోసం ఉంచినావే, కన్నమ్మా?"

"ఎవులదీ కాదే. గాలాడాల గదా," అంది కన్నమ్మ. "మా మావ గీసిన బొమ్మ. బాగుంది గదా? గంప అటు దింపుకో."

జోగమ్మ గంప ఎత్తుకుని అటు వెళ్లింది. కూర్మారావు ఇసుకలో కూర్చుని ఎండెక్కేదాకా కాకుల్ని తోలాడు.