రెండు ఎంబీ వరకు

మొన్న ఆదివారం పేపరు మడతలోంచి ఒక రంగుల కాగితం జారి నా ఒళ్లో పడింది. ఇంటింటికీ కొత్త ఇంటర్నెట్టు తీగ వేస్తారట, సినిమా మొత్తం కళ్లు మూసి తెరిచేలోగా దిగిపోతుందట, పక్కన అరచేయంత అంకె, వెయ్యి ఎంబీపీఎస్. మీరైతే ఆ అంకె చూసి కాగితం పక్కన పడేస్తారు. నేను పడేయను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కాగితం మీద ఏముంటే అది చివరి చుక్క దాకా చదివితే తప్ప నాకు తృప్తి ఉండదు. కళ్లద్దాలు తుడుచుకుని వెతికాను. దొరికింది. అంకె పక్కన ఆవగింజంత నక్షత్రం గుర్తు, అట్టడుగున చీమ కాళ్లంత అక్షరాల్లో "వరకు". పాత శత్రువు ఏదో పెళ్లిలో ఎదురుపడ్డట్టు నాకు నవ్వొచ్చింది.

మధురానగర్‌లో మేము ఆడపిల్లల హాస్టల్ నడిపిన రోజులు గుర్తొచ్చాయి. మేము అంటే నేనే. మా ఆయనకు పంజాగుట్టలో టైలరింగు దుకాణం, ఆ కుట్టుమిషను దాటి ఆయనకు వేరే లోకం లేదు. మాది మగ్గాల ఇల్లు. బడికి పంపాల్సిన వయసులో నన్ను కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. అందుకు నేనెవర్నీ తిట్టుకోను, కండెలు బాగానే చుట్టాను. పట్నం వచ్చాకే చదువు రాకపోవడం అంటే ఏమిటో తెలిసింది. మా పక్కనే ఉన్న అప్పటి అమీర్‌పేట మీకు గుర్తుండే ఉంటుంది, గోడ, స్తంభం, ఆగిన ఆటో, ఏదీ ఖాళీగా ఉండేది కాదు, అన్నిటి మీదా కంప్యూటరు కోర్సుల కాగితాలే. జనమంతా తలలెత్తి చదువుకుంటూ నడిచేవారు, నేను తల దించుకుని నడిచేదాన్ని.

ఒంగోలు వైపు నుంచి వచ్చిన పిల్ల ఒకతె మా హాస్టల్లో ఉండేది. ఒకరోజు కరెంటు బిల్లు నేను తలకిందులుగా పట్టుకోవడం చూసింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక, తుడిచిన టేబుల్ మీద, వీధిలో పంచే కాగితాలే పలకగా నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. నేను సొంతంగా కూడబలుక్కుని చదివిన మొదటి ముక్క "జావా నేర్పబడును". జావ కాచడం నేర్చుకోవడానికి ఇంతమంది పిల్లలు ఊళ్లు వదిలి వస్తున్నారా, నన్నడిగితే వంటింట్లోనే చెప్పేదాన్ని కదా అంటే, ఆ పిల్ల టేబుల్ మీద తల వాల్చి ఎంతసేపు నవ్విందో. నేనేం సిగ్గుపడలేదు. చదవడమైతే తప్పు పోలేదు కదా.

ఆ ఏడాదే మా వీధికి టీవీ కేబుల్ ఇచ్చే భాయ్ ఇంటర్నెట్టు కూడా తెచ్చాడు. డాబా మీంచి డాబా మీదికి నీలం వైరు లాగి, మా హాలు మూలనున్న కంప్యూటరుకు తగిలించాడు. దారం ఎంత బరువు ఓర్చుకుంటుందో చేత్తో పట్టి చెప్పగల ఇంట్లో పుట్టిన నేను ఆ వైరును కూడా వేళ్ల మధ్య నలిపి చూశాను. నాలుగు పోగులు పురివేసినంత లావు, అంతే. కాసేపటికి ఒంగోలు పిల్ల తెర మీద తన స్నేహితురాలిని చూపించింది. ఆ అమ్మాయి ఉన్నది బెంగుళూరులో. కళ్లు ఆర్పుతోంది, ముక్కు గోక్కుంటోంది, నన్ను చూసి నమస్తే ఆంటీ అంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడి పైట సర్దుకున్నాను. అంత సన్నని వైరులో ఒక మనిషి మొత్తం ఎట్లా పట్టిందో ఆ రోజూ అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే ఇప్పటికీ కాలేదు.

భాయ్ ఇచ్చిన కాగితం మీద "రెండు ఎంబీపీఎస్ వరకు" అని ఉంది. నేను పూర్తిగానే చదివాను, చదవకపోవడం కాదు నా తప్పు. బస్సు లక్డీకాపూల్ వరకు పోతుందంటే పోతుందనే కదా అర్థం, కండక్టరు మనల్ని పంజాగుట్టలో దింపేసి "వరకు" అనే కదా అన్నాను అనడు. బస్సు నుదుటి మీద కూడా ఊరి పేరు రాస్తారు గానీ వరకు అని రాయరు. అందుకే బోర్డు రాయించేటప్పుడు ఆ మాట దండగనిపించి తీసేశాను. నా చేత్తో కాగితం మీద రాసి పెయింటరుకు ఇచ్చిన మొదటి రాత అది. ఆడపిల్లల హాస్టల్, ఇంటి భోజనం, రెండు ఎంబీ ఇంటర్నెట్. బోర్డు ఎక్కాక రోడ్డు అవతలికి పోయి నిలబడి చదువుకున్నాను, మళ్లీ చదువుకున్నాను. ఇంటికి వచ్చి మా ఆయనకు అన్నం పెట్టడం మర్చిపోయాను.

ఒంగోలు పిల్లకు ఇంటర్వ్యూ వచ్చింది. బెంగుళూరు కంపెనీ, కంప్యూటరు ముందు కూర్చుని ముఖాముఖి మాట్లాడాలి. అప్పటికి రెండేళ్లుగా తిరుగుతోంది, ఈసారి రాకపోతే ఊరికి వచ్చేస్తానని ఇంట్లో మాట ఇచ్చేసింది. నీ దగ్గర లైను ఎంత స్పీడు అని కంపెనీవాళ్లు ముందే అడిగారట. రెండని రాసి పంపింది. ముందురోజు పొద్దున స్నేహితురాలితో మాట్లాడి చూసుకుంటే బొమ్మ నోరు తెరిచి అట్లాగే ఆగిపోయింది. స్పీడు చూపించే సూది ఒకటి ఉంటుంది, అది సగానికి కూడా రాలేదు. నెట్ సెంటరుకు పోదామంటే అక్కడ పక్క గదిలో దగ్గినా వినపడుతుంది. ఆ పిల్ల ఏడవలేదు, నన్ను నిందించలేదు.

"బోర్డు మీద ఉన్నదే రాశానాంటీ" అంది. అంతే.

నాకు అక్షరాలు నేర్పిన పిల్ల, నేను రాసిన అక్షరాలు నమ్మింది. భాయ్‌కి కబురు పెట్టి గేటు దగ్గరే నిలబెట్టి కడిగాను.

"రెండంటివి గద భాయ్. సూది సగం కాడనే కూసున్నది."

"రెండని నేను అనలే అక్కా. రెండు వరకు అన్న."

"వరకు అంటే పోతదని కాదా?"

"కాదక్కా. అంతకు మించి పోనియ్యమని. సాగర్ కట్టకు గీత పెట్టిండ్రు, నీళ్లు గీత దాక రావాల్నని ఏమన్న ఉన్నదా? గల్లీ మొత్తానికి ఒక్కటే పైపు. అందరు నల్లా ఇప్పుకుంటె నీ బిందెల ఎన్ని వస్తయి?"

ఒక్క మాటకు రెండు అర్థాలుంటాయని నాకు నేర్పిన పాఠాల్లో ఇంకా రాలేదు. భాయ్ మంచివాడే, జర ఫికర్ చేయకు అక్కా, రేపు ఆ గంట సేపు అందరి వైర్లు పీకేస్తానన్నాడు. అడగకుండా పీకితే దొంగతనం, నేను అడుగుతానన్నాను.

ఆ మధ్యాహ్నం చెప్పులేసుకుని వీధిలో వైరున్న ప్రతి గడపా ఎక్కాను. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంటున్నా సగం గడపలు నేను తొక్కింది అదే మొదటిసారి. మేడ మీద గదిలో ఆరుగురు కుర్రాళ్లు ఉండేవారు, వాళ్లూ ఉద్యోగాల వేటలోనే ఉన్నారు, నేను సగం చెప్పేలోపే ఎన్నింటికి ఆంటీ అని మాత్రం అడిగారు. ఒకావిడ నెట్టు ఎట్లా ఆపాలో తెలియక మొత్తం మెయిన్ స్విచ్చే కట్టేస్తానంది, వద్దని చెప్పడానికి తల ప్రాణం తోకకు వచ్చింది. మూడో అంతస్తులో రిటైరైన సారు ఒక్కడే మొండికేశాడు. ఆయన పగలంతా తెర ముందు కూర్చుని షేర్లు చూసుకునేవాడు, బజారు నడిచే వేళ ఒక్క నిమిషం కూడా కుదరదన్నాడు. నాకు మెత్తగా మాట్లాడటం చిన్నప్పటి నుంచీ రాదు.

"నీ షేర్లు ఇయ్యాల పడ్తె రేపు లేస్తయి సార్. గా పిల్ల పడ్తె లేపేటోళ్లు లేరు."

ఆయన తలుపు వేసుకున్నాడు. నా మాట పనిచేసిందో లేదో తెలియలేదు.

మర్నాడు పదకొండింటికి పిల్ల హాల్లో కంప్యూటరు ముందు కూర్చుంది, నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఇంగ్లీషు నడుస్తోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాదు, కానీ మాట ఆగుతోందా లేదా అన్నది తెలుస్తుంది కదా, మగ్గం చప్పుడు వింటూ పెరిగినదానికి పోగు తెగితే వేరే చెప్పాలా. ఆగలేదు. ఎదురు గోడ మీద రేకు డబ్బాలో వీధి వైర్లన్నీ కలిసేవి, భాయ్ ఆ డబ్బా తలుపు తెరిచి పసిబిడ్డను చూసినట్టు చూస్తున్నాడు. గొంతు తగ్గించి నాతో అన్నాడు.

"డబ్బల లైట్లన్ని పండుకున్నయక్కా. మీదొక్కటే మేలుకున్నది."

అన్నీ అంటే సారుది కూడా. తలెత్తి చూస్తే ఆయన బాల్కనీలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, నన్ను చూడనట్టు ఆకాశం వైపు చూస్తున్నాడు. ముఖం కూడా తెలియని పిల్ల నోట్లోంచి మాట సాఫీగా రావాలని వీధి వీధంతా ఊపిరి బిగబట్టుకుంది. నా జీవితంలో గుళ్లు చూశాను, జాతరలు చూశాను, చేతులు వాటంతట అవే జోడించుకున్నది మాత్రం ఆ రేకు డబ్బా ముందే.

ఆ వారంలోనే పిల్లకు ఉద్యోగం వచ్చింది. తను వెళ్లే ముందు నేను స్టూలు ఎక్కి, బోర్డు మీద రెండు ఎంబీ పక్కన నా చేత్తోనే "వరకు" అని రాశాను, ర కొంచెం కిందికి జారింది, స్టూలు ఆ పిల్లే పట్టుకుంది. ఆ మాట చూసి కొందరు పక్క హాస్టల్‌కు పోయారు. పోనీ అనుకున్నాను.

ఇప్పుడు ఆ హాస్టల్ లేదు, ఆ చోటే లేచిన అపార్టుమెంటులో ఉంటున్నాను. మొన్న ఆ పిల్ల ఫోనులో కనిపించింది, పిల్ల ఏమిటి లెండి, చెంపలు నెరిశాయి, నెరిసిన ప్రతి వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది బొమ్మ. ఎన్నాళ్లు సెలవు పెట్టి వస్తావంటే, "మూడు రోజుల వరకు" అని నవ్వింది. ఇప్పటి వేగం గొప్పదే, పాత రోజులే మంచివని ఏడ్చే రకం కాదు నేను. ఎవరి తీగ వాళ్లకు వచ్చింది, ఒకరి కోసం ఒకరు ఆగాల్సిన పని లేదు. ఆపమని అడగడానికి ఎవరి గడపా ఎక్కాల్సిన పని కూడా లేదు. మా పై అంతస్తులో ఎవరుంటున్నారో నాకు ఇంతవరకు తెలియదు.