కణుపు దగ్గర ఆగిన కత్తి

పద్దెనిమిది వందల తొంభైల చివర్లో, చెరుకుకు ఎర్రకుళ్ళు తగిలిన రోజుల్లో, నన్ను మద్రాసు నుంచి తణుకు దగ్గర వేసిన క్యాంపుకు పంపారు. హోదా అసిస్టెంటు, చేసే పని కోత. తెగులు సంగతి తేల్చే దొర మైక్రోస్కోపులో చూడ్డానికి చెరుకును వెలుగు దూరేంత పల్చగా కోసి ఇవ్వాలి.

పెళ్ళి బాసికాలు చేసే జీలుగు బెండును నిలువునా చీల్చి, మధ్యలో చెరుకు పేడు పెట్టి, ఎడమచేత బిగించి పట్టుకుంటాం. మంగలికత్తిని తడిపి ఒక్క లాగుడులో పొర తీయాలి. పొరలను పళ్ళెంలోని నీళ్ళలో తేల్చి, అన్నిటికన్నా పల్చనిదాన్ని కుంచెతో గాజుపలక మీదికి ఎక్కించాలి. ఈ పనిలో నాకు గర్వం ఉండేది, కాదనను. దొర ఒక్కసారి "బాగుంది" అంటే ఆ పూట ఆకలి వేసేది కాదు.

ఒకనాడు సూరమ్మగారనే రైతు విత్తనానికి దాచుకున్న చెరుకు పట్టుకొచ్చారు. భర్త పోయాక రెండెకరాల సేద్యం ఆవిడే చూసుకుంటున్నారు. గడలు పైకి నిగనిగలాడుతున్నాయి. వారంలో నాటాలి, ఇవి పనికిరాకపోతే వేరే విత్తనం దొరికే దారి లేదు. నాలుగు గడల నుంచి పొరలు కోశాను. మైక్రోస్కోపులో నేనే చూశాను, ఈ తెగులు తెచ్చే బూజు దారం ఒక్కటీ కనబడలేదు. నిక్షేపంగా నాటుకోమన్నాను.

ఆవిడ కదల్లేదు. మిగిలిన ముక్కలు తిప్పి చూసి, "అన్నీ కణుపుల మధ్యనే కోశారండి. కణుపు కోయలేదేంటండి? మొక్క లేచేది అక్కణ్ణుంచే కదండీ" అన్నారు.

కణుపు గట్టిది. కత్తి అంచు పోతుంది, పొర చిరుగుతుంది, దొర ముందు పెట్టడానికి నామోషీ. అందుకే మెత్తటి చోటే కోస్తూ వచ్చాను. ఆ మాట ఆవిడకు చెప్పలేక సిగ్గుపడ్డాను.

కత్తి నూరి కణుపు కోశాను. పొర మందంగా, వంకరగా వచ్చింది. అయినా కణాల నిండా బూజు దారాలే. మిగతా గడల్లోనూ అంతే.

ఆవిడ తానూ చూస్తానన్నారు. చాలాసేపు చూశారు. "ఇంత సన్నపు దారాలా అండి, నా చేను మింగేది!" అన్నారు. ఆ మధ్యాహ్నమే గడలన్నీ గట్టు మీద తగలబెట్టారు. నాకు చాలా బాధ వేసింది.

అంతకు ముందు వారం మరో ఇద్దరు రైతులకు ఇలాగే బాగుందని చెప్పి పంపాను. బండి కట్టించుకుని వెళ్ళాను. ఒకరు అప్పటికే నాటేశారు.

తేలిగ్గా తెగే చోట కోసి బాగుందని చెప్పే హక్కు కోతగాడికి లేదు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ముందు కణుపే కోశాను.